ఈసీజీ కాగితాన్ని వేలు పెట్టి చదవండి

అందరికీ నమస్కారం. గుంటూరు ఎండను లెక్కచేయకుండా ఇంతమంది వచ్చారు, సంతోషం. మీలో చాలామంది రష్యాలోనో, కిర్గిజ్‌స్తాన్‌లోనో, ఫిలిప్పీన్స్‌లోనో వైద్యం చదివి ఎఫ్‌ఎంజీఈకి, అంటే విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ వైద్యం చేయడానికి గట్టెక్కాల్సిన పరీక్షకు, సిద్ధమవుతున్నవాళ్లు. 300 ప్రశ్నల్లో 150 సరిగ్గా రాస్తే గట్టెక్కుతారు. ఒక్కో భాగంలో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. తప్పు రాసినా మార్కు కోయరు కాబట్టి దేన్నీ ఖాళీగా వదలకండి. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను వచ్చింది ఒక్క మాట చెప్పడానికి: ఈసీజీని బొమ్మలా గుర్తుపెట్టుకోకండి, వరస తప్పకుండా చదవండి.

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషిని తీసుకొచ్చారు. యాభై ఏళ్లుంటాయి. పొట్ట పైభాగంలో మంట, ఒళ్లంతా చెమట. ‘గ్యాసే సార్, సాయంత్రం బజ్జీలు తిన్నాను’ అన్నాడు. నేను ఈసీజీ తీసి, ఛాతీ లీడ్లు, అంటే ఛాతీ వైపు నుంచి గుండెను చూపే గీతలు, ఆరూ చూసి, బాగానే ఉందనుకుని గ్యాస్ ఇంజెక్షన్ రాశాను. మా పెద్ద డాక్టరుగారు వచ్చి ఏమీ అనకుండా కాగితం మీద వేలు పెట్టారు. రెండో లీడ్, మూడో లీడ్, ఏవీఎఫ్. మూడింట్లోనూ ఎస్‌టీ, అంటే పెద్ద అలకూ చివరి అలకూ మధ్య గీత, రెండు చిన్న గడులు పైకి లేచి ఉంది. ఏవీఎల్‌లో కిందికి దిగి ఉంది. గుండె అడుగు గోడకు రక్తం అందడం లేదు. ఆయన వెంటనే కుడివైపు లీడ్లు తీయించారు. వీ4ఆర్‌లో కూడా ఎస్‌టీ లేచింది, అంటే కుడి జఠరిక (గుండె కుడి కింది గది) కూడా దెబ్బతింది. అలాంటివాళ్లకు నాలుక కింద నైట్రేట్ మాత్ర పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ మనిషి బతికాడు. నా చూపు ఛాతీ లీడ్ల దగ్గరే ఆగిపోయిన సంగతి మాత్రం ఇప్పటికీ నన్ను వదలలేదు. ఇదే కాగితం మీకు ప్రశ్నగా వస్తుంది, ‘ఏ మందు ఇవ్వకూడదు’ అని అడుగుతారు.

వరస చెబుతాను. ముందు కాగితం వేగం చూడండి. మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్లు. చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. తర్వాత గుండె వేగం లెక్క: పక్కపక్కనున్న రెండు ఆర్‌ల (ఎత్తైన మొనల) మధ్య పెద్ద గడులెన్నో లెక్కపెట్టి 300ను దానితో భాగించండి. లయ తప్పి ఉంటే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు 30 పెద్ద గడుల్లో, అంటే ఆరు సెకన్లలో, ఎన్ని క్యూఆర్‌ఎస్‌లు (ఆర్ మొన ఉన్న పెద్ద అలలు) ఉన్నాయో చూసి పదితో గుణించండి. ఆ తర్వాత లయ, పీఆర్ (పీ అనే మొదటి చిన్న అల మొదలు నుంచి క్యూఆర్‌ఎస్ మొదలు వరకు దూరం), క్యూఆర్‌ఎస్ వెడల్పు, చివర ఎస్‌టీ, టీ అనే చివరి అల.

ఇప్పుడు మీకిచ్చిన రెండో కాగితం తీయండి. అడుగున పొడవాటి పట్టీ మీద పెన్ను పెట్టి పీఆర్ కొలవండి. మొదట ఐదు చిన్న గడులు, తర్వాత ఏడు, ఆ తర్వాత ఎనిమిది. ఆపైన పీ ఒంటరిగా ఉంది, దాని వెనక క్యూఆర్‌ఎస్ రాలేదు. ఇది మోబిట్జ్ మొదటి రకం బ్లాక్, అంటే గుండె పై గదుల సంకేతం కింది గదులకు అందడంలో అడ్డంకి. పీఆర్ మారకుండా ఉండి హఠాత్తుగా క్యూఆర్‌ఎస్ తప్పిపోతే రెండో రకం, అది ఎక్కువ ప్రమాదం. పీలు తమ దారిన, క్యూఆర్‌ఎస్‌లు తమ దారిన నడుస్తూ రెండింటికీ పొత్తు కుదరకపోతే పూర్తి బ్లాక్. కొలిచినవాడు ఈ మూడింటినీ కలగాపులగం చేయడు.

ప్రశ్నలోని రోగిని కూడా మరవకండి. డయాలసిస్ మానేసిన మనిషి, గుడారాల్లా నిలబడిన టీలు అంటే పొటాషియం పెరిగినట్టే అనుకోవాలి. ‘మొదట ఏమిస్తారు’ అంటే కాల్షియం గ్లూకోనేట్. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండె కండరాన్ని కాస్తుంది. తగ్గించే ఇన్సులిన్, గ్లూకోజ్ తర్వాత. ‘మొదట’ అన్న మాటను చదవకే చాలామంది మార్కు పోగొట్టుకుంటున్నారు.

రోజూ పది ఈసీజీలు తీసుకుని, మెషీన్ పైన అచ్చువేసిన నిర్ధారణను కాగితంతో కప్పేసి, ముందు మీరు రాసుకున్నాకే తెరిచి చూడండి.

టీ తాగి రండి. మూడో కాగితంలో మొదటి లీడ్ పీతో సహా తలకిందులుగా ఉంది. చేతుల తీగలు తారుమారయ్యాయా, గుండే కుడివైపున ఉందా? ఛాతీ లీడ్లలో ఆర్ ఎదుగుతోందో లేదో చూసి, వచ్చాక మీరే చెప్పండి.