చిత్రలహరి వచ్చే వేళ

అందరికీ నమస్కారం. ఈ రోజు టీవీలో పాటలు చూడడం గురించి మాట్లాడతాను, అది మన ఇళ్లలోంచి పోయిందని నాకు నిజంగా బాధగా ఉంది.

శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి అనే సినిమా పాటల కార్యక్రమం వచ్చేది. అనంతపురంలో మా వీధికి టీవీలు రెండే. వానలకు ముందు ఆడవాళ్లు విత్తనం చెనక్కాయలు చేటల్లో పోసుకుని వచ్చి, గడప దగ్గర కూర్చుని ఒలుచుకుంటూనే చూసేవాళ్లు. ఎవరి చేతులూ ఆగేవి కావు, కానీ మా అవ్వకు నచ్చిన పాత పాట పడిందంటే మాత్రం ఆమె వేళ్ల మధ్య కాయ అట్లాగే ఉండిపోయేది, పాట అయిపోయాకే చిట్లేది. నాకేమో ఆ బ్లాక్ అండ్ వైట్ పాటలంటే విసుగు, తర్వాతది కొత్త సినిమా పాటేమోనని కాచుకుని కూర్చునేవాణ్ణి. అట్లా కాచుకుంటూనే ఆ పాత పాటలన్నీ నాకు నోటికొచ్చేశాయి.

తర్వాత కేబుల్ వచ్చింది, రోజంతా పాటలే వేసే ఛానళ్లు వచ్చాయి. అమెరికాలో 1981లో పాటల వీడియోల కోసమే పుట్టిన ఎంటీవీ మన దేశానికి 1996లో వచ్చింది, 2003కల్లా రోడీస్ లాంటి రియాలిటీ షోలు మొదలుపెట్టింది. 1994లో వచ్చిన ఇంకో పాటల ఛానల్, ఛానల్ వీ, 2018లో మన దేశంలో మూతపడింది. నచ్చని పాట పడితే మనం రిమోట్ నొక్కేస్తాం, అదే ఎవరు గెలుస్తారో చూడాల్సిన షో అయితే గంటసేపు కదలం, యాడ్స్ కూడా చూస్తాం, ఛానల్‌కు డబ్బులొచ్చేది అక్కడే కదా. ఈలోపు యూట్యూబ్ వచ్చింది, 2016లో జియోతో డేటా చవకైంది, ఇంక ఎవరి ఫోన్ వాళ్లదే.

ఇప్పుడు సినిమా రాకముందే లిరికల్ వీడియో వదులుతున్నారు, అందులో రాసినవాళ్ల పేరు, పాట సాహిత్యం రెండూ కనిపిస్తాయి, ఆ మేలు ఒప్పుకోవాలి. జెమిని మ్యూజిక్, స్టార్ మా మ్యూజిక్ లాంటివి ఉన్నాయి. కానీ వాటిని పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చునేది ఎక్కడ? మా పిల్లలకు నచ్చిన పాటలాంటిదే ఇంకోటి ఫోన్ చూపిస్తుంది, వాళ్లు పుట్టకముందు పాట వాళ్ల దారిలోకి రానే రాదు.

మా అవ్వ మంచాన పడ్డాక ఒకరోజు ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుని, "ఏ పాట కావాల అవ్వా, పెడతా" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఏదో ఒకటి రానీలేరా, చూస్తా" అనింది. అక్కడ ఏదో ఒక పేరు కొట్టాలి. నా వేలు చాలాసేపు ఆ ఖాళీ గడి మీదే ఆగిపోయింది.