నిప్పు తెలిసినవాళ్లు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్పాలనే ఉంది కానీ, నాకిచ్చింది పది నిమిషాలే. రిటైరైన రైల్వే కార్మికుల సభ కదా, డీజిల్ తెచ్చిన ప్రగతి గురించి మాట్లాడమన్నారు.

1964లో వారణాసి కార్ఖానాలో మన మొదటి డబ్ల్యూడీఎం-2 రకం డీజిల్ ఇంజిన్ తయారైంది. 2,600 హార్స్‌పవర్. 1970లో చిత్తరంజన్ కార్ఖానాలో ఆఖరి బ్రాడ్‌గేజ్ స్టీమ్ ఇంజిన్ కట్టి, ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టారు. డీజిల్ రావడం తప్పని నేననను. స్టీమ్ ఇంజిన్‌లో కాల్చిన బొగ్గు వేడిలో పదో వంతు కూడా చక్రానికి అందేది కాదు.

మా నాన్న స్టీమ్ ఇంజిన్ మీద ఫైర్‌మ్యాన్. ఆయన మాట చెప్పకుండా ముందుకు పోలేను. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ తలుపు కొట్టి పుస్తకం చాపితే, నిద్రకళ్లతోనే సంతకం పెట్టి డ్యూటీకి వెళ్లేవారు.

పారతో బొగ్గు వేయడమే ఫైర్‌మ్యాన్ పని అనుకుంటారు. కాదండీ. మంట పల్చబడిన చోటే బొగ్గు పడాలి. ఒకేచోట కుప్పపడితే గాలి ఆడదు, స్టీమ్ పడిపోతుంది. బాయిలర్‌లో నీళ్లమట్టం మీద కన్ను ఉండాలి. నీళ్లు తగ్గి, బొగ్గు మండే ఫైర్‌బాక్స్ కప్పు బయటపడితే, అక్కడి సీసం ప్లగ్ కరిగి ఆవిరి నిప్పు మీదికి దూకుతుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఆ మట్టం ఒకలా కనిపిస్తుంది, దిగేటప్పుడు ఇంకోలా. ఇదంతా ఇంజిన్‌లో నిలబడే చోటు, ఊగిపోయే ఫుట్‌ప్లేట్ మీద, చీకట్లో, ఎదురుగా కొలిమి పెట్టుకుని!

డీజిల్ ట్రైనింగ్‌కి పంపేముందు ఒక అధికారి నాన్నను అడిగారట, “నీకేం పని వచ్చు?” అని. “బొగ్గు వేస్తానండీ” అని చెప్పి వచ్చేశారు. ఇరవై ఏళ్ల విద్య! “నిప్పు తెలుసు, నీళ్లు తెలుసు” అని ఎందుకనలేదు నాన్నా అంటే, “అడిగినాయనకు అర్థం కావద్దా?” అన్నారు. నాకు ఆ బాధ ఇవాళ్టికీ పోలేదు. తర్వాత డీజిల్ అసిస్టెంట్ అయ్యారు. చొక్కాకి మసి అంటకుండా ఇంటికొస్తే అమ్మ ఎంత సంతోషించిందో. అదీ నిజమే.

ప్రగతి దగ్గరికి వస్తాను. స్టీమ్ ఇంజిన్ నీళ్లకు ఆగాలి, బూడిద తీయడానికి ఆగాలి, కొన్నాళ్లకోసారి బాయిలర్ కడిగించుకోవాలి. అది ఆగిన చోట షెడ్డు, షెడ్డు చుట్టూ క్వార్టర్లు, బడి, సంత. డీజిల్‌కి అక్కడ ఆగే పనిలేదు. బూడిద లాగేవాళ్లు, బాయిలర్ ఫిట్టర్లు, ఆఖరికి కాల్ బాయ్‌లు కూడా ట్రాన్స్‌ఫర్ కాగితాలు పట్టుకుని వెళ్లిపోయారు. ఊరు బతికింది ఆ ఆగడం మీదేనండీ.

స్టీమ్ మీద పనిచేసినవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి. ఏడుగురు. ఇంతేనా?

అమ్మా, బాబూ, మీ ఇంట్లో అలాంటి పెద్దాయన ఉంటే ఈ రాత్రే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మాట్లాడించండి. ఇంజిన్లకు రంగులేసి స్టేషన్ల ముందు నిలబెట్టుకున్నాం. చల్లారిన బాయిలర్‌ని మళ్లీ ఎలా వేడి చేయాలో తెలిసినవాళ్లు ఈ సభలో ఈ ఏడుగురే. నా పది నిమిషాలూ అయిపోయాయి. మూడో వరసలో చెయ్యెత్తిన బాబాయ్ గారూ, లేవకండి, మైకే మీ దగ్గరికి వస్తుంది. మొదటి పార బొగ్గు ఎక్కడ వేయాలో చెప్పండి.