ఒక సీటుకు నలుగురు: డ్యూటీ చార్టు కంప్యూటర్‌కెక్కే ముందు

శ్రోతలకు నమస్కారం.

డ్యూటీ చార్టును కాగితం నుంచి కంప్యూటర్‌కు మార్చే ముందు సరిచూసుకోవాల్సినవి ఈరోజు చెప్పుకుందాం. ఒడిశాలోని మన రాయగడ జిల్లాలో జేకేపూర్ పేపరు మిల్లు, థేరుబలి ఫెర్రో అల్లాయ్ కొలుములు ఉన్నాయి. రాత్రీ పగలూ నడవాల్సిన ఇలాంటి ఏ ఫ్యాక్టరీలోనైనా బాయిలర్ దగ్గర ఒక్క సీటు ఖాళీ కాకుండా ఉండాలంటే ఎందరు కావాలి? ఏ, బీ, సీ మూడు షిఫ్టులు కదా, ముగ్గురు చాలనిపిస్తుంది. లెక్క వేద్దాం. ఏడాదికి 1095 షిఫ్టులు. ఒక మనిషికి వారపు ఆఫ్‌లు 52, పండగలూ సెలవులూ జబ్బులూ ఇంకో 30 అనుకుంటే మిగిలేవి 283 రోజులు. 1095ని 283తో భాగిస్తే 3.87. అంటే నలుగురు కావాలి. ఆ నలుగురికీ బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉండి తీరాలి. ముగ్గురే ఉన్నచోట నాలుగోవాడి పని డబుల్ డ్యూటీలుగా వాళ్ల నెత్తినే పడుతుంది. లేని మనిషిని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

కాబట్టి ముందు నైపుణ్యాల పట్టిక రాయాలి. అడ్డంగా యంత్రాలు, నిలువుగా మనుషులు, గడిలో అంకె. పని రాకపోతే 0, నేర్చుకుంటుంటే 1, పక్కన ఒకరుంటే చేయగలిగితే 2, ఒంటరిగా చేయగలిగితే 3, ఇంకొకరికి నేర్పగలిగితే 4. చాలాచోట్ల పాడయ్యేది ఇక్కడే. సూపర్‌వైజర్ మొహమాటానికి అందరికీ 3 వేసేస్తాడు. ఆ అంకెను నమ్మి కంప్యూటర్ పని సరిగా రానివాణ్ణి రాత్రి షిఫ్టులో ఒంటరిగా వేస్తే ప్రాణం మీదికొస్తుంది. 3 వేయాలంటే మనిషిని యంత్రం దగ్గర నిలబెట్టండి. నడపడం, ఎమర్జెన్సీలో ఆపడం, జామ్ తీసేముందు కరెంటు కట్ చేసి తాళం వేయడం అన్నీ చేయించి చూడండి. చూసినవారి పేరు, తేదీ పట్టికలో రాయండి. ఆరు నెలలు ఆ యంత్రం ముట్టకపోతే అంకెను 2కి దించండి. క్రేన్ ఆపరేటర్ కంటి పరీక్షకు గడువు దాటితే ఆ పేరు ఆ సీటుకు రానే రాకూడదు.

వారానికి 48 గంటల హద్దు, ఓటీకి, అంటే అదనపు గంటల పనికి, రెట్టింపు వేతనం 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్నవే, అందరికీ తెలుసు. మరిచిపోయేది విశ్రాంతిని. రాత్రి 10కి బీ షిఫ్టు దిగినవాణ్ణి తెల్లారి 6కి రమ్మంటే మధ్యలో 8 గంటలే. దారి, తిండి, స్నానం పోగా నిద్ర ఎంత? కనీసం 12 గంటల ఎడం పెట్టండి. ఇద్దరు డ్యూటీలు మార్చుకున్నా ఈ ఎడమూ ఆ అంకెలూ కంప్యూటర్ చూడాల్సిందే.

రాత్రి 10కి మొదలై తెల్లారి 6కి ముగిసే సీ షిఫ్టు రెండు తేదీల మీద పడుతుంది. మొదలైన తేదీకే హాజరు పడేలా ముందే పెట్టకపోతే కంప్యూటర్ రెండు రోజులూ సగం హాజరు చూపించి జీతం కోసేస్తుంది. సున్నం, కాస్టిక్ ముట్టుకునే చేతుల వేలిముద్రలు అరిగిపోయి హాజరు మెషిన్‌కు అందవు. వాళ్లకు కార్డు ఇవ్వండి. ఒకే పేరును మన దగ్గర తెలుగులో, ఒడియాలో, ఇంగ్లిషులో మూడు రకాలుగా రాస్తారు కాబట్టి కార్మికుడికిచ్చే టోకెన్ నంబరే ఆధారం. కాంట్రాక్టు కార్మికులకూ నంబరుండాలి.

సరిహద్దు జిల్లా కాబట్టి ఇంకో మాట. సంక్రాంతికి పార్వతీపురం, బొబ్బిలి వైపు వెళ్లేవాళ్లంతా ఒకేసారి సెలవడుగుతారు. జూన్ నడుమ రజ పర్వానికి ఒడియా సోదరులూ అంతే. ఊడుపులప్పుడు పొలాలున్నవాళ్లు ఉండరు. ఒక సీటు పని తెలిసిన నలుగురూ ఒకే ఊరివాళ్లయితే ఆ వారం సీటు ఖాళీయే. అందుకని శిక్షణకు ఎంచేటప్పుడే వేర్వేరు ఊళ్లవాళ్లను కలిపి ఎంచండి.

మొదట ఒక్క డిపార్టుమెంటులో, రెండు జీతాల నెలలు, పాత డ్యూటీ పుస్తకం పక్కనే పెట్టుకుని కంప్యూటర్ చార్టు నడపండి. కీప్యాడ్ ఫోన్లవాళ్ల కోసం గేటు దగ్గర రెండు లిపుల్లో చార్టు అంటించడం మాత్రం ఆ తర్వాత కూడా మానకండి.