ఉక్కు గుండు ఎవరి మాట వింటుంది?

అందరికీ నమస్కారం.

1942లో న్యూయార్కు మేయర్ ఫియొరెల్లో లా గార్డియా పిన్‌బాల్‌ను, అంటే వాలు బల్ల మీద ఉక్కు గుండును దొర్లించే ఆటను, నిషేధించాడు. పోలీసులు మిఠాయి దుకాణాల్లోనూ బార్లలోనూ సోదాలు చేసి వేల యంత్రాలను పట్టుకొచ్చారు. మేయరే స్వయంగా సుత్తి ఎత్తి వాటిని పగలగొడుతుంటే పత్రికల వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. ఇది ఆట కాదు, జూదం అన్నది ఆయన వాదన. బడిపిల్లల మధ్యాహ్న భోజనం డబ్బులు ఈ పెట్టెల పాలవుతున్నాయన్నది ఆయన బాధ.

ఆ వాదనను కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే అప్పటి పిన్‌బాల్‌లో ఫ్లిప్పర్లే, అంటే గుండును తిరిగి పైకి కొట్టే రెక్కలే, లేవు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో బాగటెల్ అనే బల్ల ఆట ఉండేది. 1871లో అమెరికాలో మాంటెగ్యూ రెడ్‌గ్రేవ్ దానికి స్ప్రింగు ప్లంజర్, అంటే లాగి వదిలితే గుండును తోసే కడ్డీ, తగిలించి పేటెంటు తీసుకున్నాడు. 1931లో షికాగోలో డేవిడ్ గాట్లీబ్ ‘బఫుల్ బాల్’ను మార్కెట్‌లోకి తెచ్చాడు. ఆర్థిక మాంద్యం రోజులు కావడంతో, పైసల్లో దొరికే వినోదానికి జనం ఎగబడ్డారు. ప్లంజర్ లాగి వదిలాక గుండు మేకుల మధ్య తగిలి, తప్పించుకుని, ఏదో ఒక గుంటలో పడుతుంది. ఆటగాడు చేయగలిగింది చూడటమే. లేదంటే బల్లను కుదపడం.

జనం కుదిపారు కూడా. మామూలుగా కాదు, బల్లలు ఎత్తి మరీ కుదిపారు. దానికి విరుగుడుగా హ్యారీ విలియమ్స్ ‘టిల్ట్’ కనిపెట్టాడు. తర్వాతి కాలంలో స్థిరపడిన టిల్ట్ చాలా సులువైన పరికరం. పెట్టె లోపల, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు లాంటిది ఒకటి, లోహపు వలయం మధ్యలో వేలాడుతుంటుంది. బల్ల అతిగా ఊగితే అది వలయానికి తగిలి విద్యుత్ వలయం పూర్తవుతుంది. దాంతో ఆడుతున్న బంతి పోయినట్టే. నాకు ఇందులో నచ్చేది దాని ఉదారత. అది కుదపడాన్ని నిషేధించలేదు, హద్దు పెట్టిందంతే. హద్దు దాటకుండా ఎంత కుదపవచ్చో తెలుసుకోవడమే ఒక విద్యగా మారింది.

అసలు మలుపు 1947లో వచ్చింది. గాట్లీబ్ కంపెనీ కోసం హ్యారీ మాబ్స్ రూపొందించిన ‘హంప్టీ డంప్టీ’లో మొదటిసారి ఫ్లిప్పర్లు కనిపించాయి. ఆరు ఉండేవి, అవీ బలహీనంగా, బల్ల రెండు అంచుల వెంబడి. మరుసటి ఏడాది స్టీవ్ కోర్డెక్ వాటిని రెండుకు తగ్గించి కింది భాగానికి దించాడు. ఫ్లిప్పర్‌లో పనితనం చూడండి: మీట నొక్కగానే తీగచుట్టలోకి బలమైన కరెంటు పోయి లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది, రెక్క లేస్తుంది. పూర్తిగా లేచిన క్షణాన చివర ఉన్న చిన్న స్విచ్చు తెరుచుకుని బలమైన కరెంటును ఆపేస్తుంది. అక్కడి నుంచి మరో సన్నని చుట్టే రెక్కను ఎత్తి ఉంచుతుంది. ఈ ఏర్పాటు లేకపోతే ఆటగాడు మీట నొక్కి పట్టుకున్నంతసేపూ చుట్ట వేడెక్కి కాలిపోతుంది. గుండును రెక్క మీద నిలిపి, ఊపిరి తీసుకుని, గురి చూసి కొట్టే అవకాశం దీనివల్లే దక్కింది.

ఆట మారినా చట్టం మారలేదు. న్యూయార్కులో నిషేధం 1976 దాకా కొనసాగింది. ఆ ఏడాది రోజర్ షార్ప్ అనే యువ పాత్రికేయుడు నగర మండలి సభ్యుల ముందు ఆడి చూపించాడు. గుండు పై భాగంలో ఫలానా దారిలో పోతుందని ముందే చెప్పి ప్లంజర్ లాగాడు, అది అలాగే పోయింది. నిషేధం తొలగింది. ఆ దెబ్బకు అదృష్టం కూడా తోడైందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు! నైపుణ్యమా, అదృష్టమా అన్న ఈ తగువు మనకు కొత్త కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడటంపై వచ్చిన కేసులో మన సుప్రీంకోర్టు కూడా దీన్నే తేల్చవలసి వచ్చింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడేదని చెప్పింది.

ఆ తర్వాతి కథను త్వరగా ముగిస్తాను. వీడియో గేములు వచ్చి నాణేలన్నీ తన్నుకుపోయాయి. 1992 నాటి ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ ఇరవై వేలకు పైగా అమ్ముడై రికార్డు సృష్టించినా, 1999లో విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ విభాగాన్ని మూసేసింది. పేరున్న తయారీదారుల్లో స్టెర్న్ ఒక్కటే మిగిలింది.

సరిగ్గా ఆ కాలంలోనే మనలో చాలామంది పిన్‌బాల్‌ను మొదటిసారి చూశాం, విండోస్ ఎక్స్‌పీలో. అందులోని ‘స్పేస్ క్యాడెట్’ 1995లో వచ్చిన ఒక ఆట నుంచి తీసిన ఒక బల్ల. దాన్ని 64 బిట్ విండోస్‌కు మార్చేటప్పుడు గుండు దయ్యంలా వస్తువుల గుండా దూరి కింద పడిపోయేది. పాత కోడ్‌లో లోపం ఎక్కడుందో దొరకక ఆటనే వదిలేశామని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ తర్వాత వివరించారు. గుండు తగలవలసిన చోట తగలకపోతే, ఎన్ని రంగులు అద్దినా అది పిన్‌బాల్ కాదు.

ఈ సంగతి బాగా పట్టించుకున్నది అభిమానులు. 2000లో రాండీ డేవిస్ ‘విజువల్ పిన్‌బాల్’ విడుదల చేశాడు. దాంతో ఎవరైనా సొంతంగా బల్లలు తయారు చేయవచ్చు. ‘పిన్‌మేమ్’ అనే మరో సాఫ్ట్‌వేర్, పాత యంత్రాల చిప్పుల్లోని అసలు ప్రోగ్రామునే నడిపిస్తుంది. అంటే స్కోరు లెక్కలు, దీపాలు, శబ్దాలు నకలు కావు, అసలువే. ఆ ప్రోగ్రాముకు తాను కంప్యూటర్‌లో ఉన్నట్టే తెలియదు. నా దృష్టిలో ఇది ఆటకన్నా పురావస్తు సంరక్షణకు దగ్గరగా ఉన్న పని. వ్యాపార సంస్థలూ ఈ దారిలోకి వచ్చాయి, కానీ అక్కడ లైసెన్సులదే రాజ్యం. విలియమ్స్ బల్లల హక్కులు 2018లో ఫార్‌సైట్ అనే కంపెనీ చేజారి హంగరీకి చెందిన జెన్ స్టూడియోస్‌కు వెళ్లాయి. అంతవరకు అమ్ముడైన ఆ బల్లల అమ్మకం ఫార్‌సైట్‌లో ఆగిపోయింది.

కీబోర్డుకు మాత్రం బరువు తెలియదు. అందుకే కొందరు ఇళ్లలో చెక్కపెట్టె కట్టి, అందులో టీవీని పడుకోబెట్టి, నిటారుగా మరో తెర నిలబెడుతున్నారు. ఫ్లిప్పర్ కొట్టినప్పుడు చేతికి అదురు తెలియడానికి లోపల నిజమైన తీగచుట్టలు అమర్చుతున్నారు. పెట్టెను తోస్తే కదలికను పసిగట్టే సెన్సర్ ఆ తోపును తెర మీది గుండుకు చేరవేస్తుంది. ప్లంజర్ కూడా అసలు స్ప్రింగుదే. కొందరైతే టిల్ట్ గుండును కూడా తెచ్చి లోపల వేలాడదీశారు. ఉక్కు గుండే లేని యంత్రంలో, ఆటను మోసం చేయకుండా కాపలా పెట్టారన్నమాట!

అలాంటి పెట్టె లోపలి ఫొటోలు కొన్ని తెచ్చాను. ప్రశ్నలు అడుగుతూ ఉండండి, చూపిస్తాను.