ఉత్తగ చూసే రోజులు

సభాధ్యక్షులకు, చిత్రకళ నేర్చుకుంటున్న యువతీయువకులకు, ఆదివారం సాయంత్రం హైదరాబాదు ట్రాఫిక్కును దాటుకుని ఇక్కడికి చేరిన పెద్దలందరికీ నమస్కారం.

పత్రికల్లో కథలకూ, పిల్లల పుస్తకాలకూ బొమ్మలు వేసి బతికే మనిషిని నేను. ఇంత ఒత్తిడిలో ఉత్సాహాన్ని ఎలా నిలుపుకుంటారో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నా అనుభవంలో ఉత్సాహం నిలవ ఉండే సరుకు కాదు. కూరగాయల్లాగే దాన్ని ఏ వారానికి ఆ వారం తెచ్చుకోవలసి వస్తుంది. కాబట్టి నా వారం ఎలా గడుస్తుందో చెప్పడమే ఈ ప్రసంగానికి తగిన విషయమని అనుకుంటున్నాను.

ఒకప్పుడు ఆ వారాన్ని చిత్రకారుడి చేతికి వారపత్రికలే అందించేవి. కథ ఒక రోజున వచ్చేది, బొమ్మ మరొక రోజున అచ్చుకు కావలసిన జింకు బ్లాకు చేయించడానికి వెళ్లేది, సంచిక అచ్చయి వచ్చాక వచ్చే వారం కథ అందేలోగా కొంచెం గాలి పీల్చుకునే వ్యవధి ఉండేది. ఇప్పుడు ఫోనుకు వారాలు తెలియవు. ఒక ప్రచురణకర్త శనివారం రాత్రి పదకొండు గంటలకు, బొమ్మలోని పాప గౌను ఆకుపచ్చకు బదులు పసుపులో ఉంటే బాగుంటుందని కబురు పంపారు. ఆదివారం మధ్యాహ్నానికి మళ్లీ ఆకుపచ్చే మేలన్నారు. ఆయనను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు, రంగు మార్చడం టాబ్లెట్ మీద రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఏ రోజునైనా, ఏ వేళనైనా అడగవచ్చునన్నదే అసలు ఇబ్బంది.

దీనివల్ల చెయ్యి కంటే ముందు కన్ను అలసిపోతుంది. వీధిలో ఆటో ఆగితే దాని టాపు మడతలు రేపటి కథకు పనికొస్తాయేమోనని చూస్తాం, పెళ్లిలో ముసలమ్మ నవ్వితే ఆ ముడతలను నానమ్మ పాత్ర కోసం దాచుకుంటాం. కన్ను వారమంతా కూలికి వెళ్తుంది. నాకు సంతోషమిచ్చే చిన్న చిన్న సంగతులను ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకుంటే, వాటన్నిటిలోనూ కన్నుకు సెలవు దొరుకుతోందని అర్థమైంది. ఆ సెలవుకు పేరు పెట్టింది మాత్రం మా వీధి మంగళవారం సంతలో ఆకుకూరలు అమ్మే పెద్దమ్మ. ఎల్‌ఈడీ బల్బు వెలుగులో వంకాయల ఊదారంగు నీలంలోకి తిరగడం చూస్తూ నేను నిలబడిపోతే, ఆమె విసుగ్గా, "ఏం బిడ్డా, కొంటవా, ఉత్తగ సూస్తవా?" అని అడిగింది. ఉత్తగనే చూస్తున్నానని ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి మంగళవారం సాయంత్రం సంచీతో వెళ్తాను గానీ, ముందు ఒక చుట్టు ఉత్తగ తిరిగాకే బేరానికి దిగుతాను.

వీలైన గురువారాల్లో పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజారుకు పోతాను. గురువారాన్ని ఉర్దూలో జుమేరాత్ అంటారు కనుక ఆ అంగడికి ఆ పేరు. మూత లేని కూజాలు, ఒంటి బూటు, పిడి ఊడిన సుత్తి, ఎవరివో తెలియని కుటుంబాల ఫోటో ఫ్రేములు అక్కడ నేల మీద పరిచి ఉంటాయి. నాకు కావలసింది సాధారణంగా ఏదీ దొరకదు, అదే నాకు నచ్చుతుంది.

శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు కాబట్టి ఆ ముచ్చట నాకు శనివారం తీరుతుంది. 1951లో మొదలై 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారిన ఆ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పాన్ని నేను మొదట్లో చాలాసార్లు గీశాను. రాతిని పలచని బట్టగా మార్చిన ఆ పనితనం ముందు నా పెన్సిలు ప్రతిసారీ ఓడిపోయింది. ఇప్పుడు నేను నేరుగా సంగీత గడియారం దగ్గరికి వెళ్తాను. గంట పూర్తయ్యే వేళకు ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. పన్నెండు కావస్తుంటే జనం ఎక్కువగా చేరతారు, పన్నెండు దెబ్బలు వినవచ్చు గదా. నేను గడియారానికి వీపు పెట్టి నిలబడతాను. పిల్లలు, వాళ్లను భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, ఊళ్ల నుంచి బస్సులో వచ్చిన ఆడవాళ్లు, మెడలు చాచి ఒకే వైపు చూసే ఆ రెండు మూడు నిమిషాల్లో మనుషుల ముఖాల మీద వచ్చే నిశ్చలత్వం నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఒక్క గీత గీసినా అది పోతుంది.

అదే శనివారం రాత్రి కుంచెలు కడుగుతాను. నీటికి చెదరని ఇండియన్ ఇంకులో లక్క కలుస్తుంది. అది ఎండిపోయి వెంట్రుకల మొదట్లో గడ్డకట్టిందంటే ఉత్త నీళ్లకు లొంగదు. అరచేతిలో సబ్బు వేసి మెల్లగా తిప్పుతుంటే నల్లని నురుగు బూడిదరంగులోకి, ఆ తరువాత తెల్లగా మారుతుంది. చివరికి మొనను వేళ్లతో సాగదీసి ఆరబెడతాను. టాబ్లెట్ పెన్నుకు ఈ స్నానం అక్కరలేదు, పాపం.

ఇక ఆదివారం. ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజనీరింగు గైడ్ల కింద ఎప్పుడైనా ఒక పాత చందమామ బయటపడుతుంది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ముఖచిత్రాల మీద వడ్డాది పాపయ్య గారి సంతకం 'వపా' కోసం ముందు మూలలు వెతుకుతాను. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ మనందరికీ గుర్తే. దాన్ని వేసిన శంకర్ గారు 1924లో పుట్టి 2020 దాకా జీవించారు. చిన్నప్పుడు ఆ బొమ్మలో దయ్యాన్ని చూసి భయపడ్డాను, ఇప్పుడు ఆ చెట్ల కొమ్మల్లోని గీతల సాంద్రతను చూసి భయపడుతున్నాను. అయితే ఆ పుస్తకాన్ని పాఠంలా చదవకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. దగ్గరి ఇరానీ హోటల్లో ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అయ్యేదాకా పేజీలు తిరగేసి, కథలో ఏం జరుగుతుందోనని చూస్తాను.

ఈ నియమాలన్నిటినీ నేను తప్పుతూనే ఉంటాను. మొన్న మంగళవారం సంతలో తట్టుకోలేక ఆ పెద్దమ్మను గీశాను. ఆమె కాగితం లాక్కుని చాలాసేపు చూసి, "మెడల పుస్తెలతాడు ఏది? గీయి," అంది. నిలబడిన చోటే గీసి ఇచ్చాను. ఆ వారంలో నేను విసుక్కోకుండా చేసిన మార్పు అదొక్కటే. అందుకు ఆమె నా సంచీలో గుప్పెడు కరివేపాకు వేసింది, కొత్తిమీరకు మాత్రం పది రూపాయలూ తీసుకుంది.