క్రాగ్‌సైడ్: వాగు వెలిగించిన భవంతి

అందరికీ నమస్కారం. ఈరోజు చెప్పుకోబోయే భవంతి ఇంగ్లండు ఉత్తర కొసన, నార్తంబర్లాండ్‌లో, రాత్‌బరీ అనే చిన్న పట్నం పక్కన ఒక రాతి కొండ వాలు మీద ఉంది. పేరు క్రాగ్‌సైడ్. కట్టించినవాడు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. లాయరుగా మొదలై, 1847లో న్యూకాజిల్ దగ్గర ఎల్స్విక్‌లో నీటి పీడనంతో పనిచేసే క్రేన్ల కార్ఖానా పెట్టి, ఆ తర్వాత ఫిరంగుల తయారీతో అపారంగా గడించాడు.

1860ల నడుమ అతను ఇక్కడ కట్టుకున్నది వేటకూ చేపలకూ వచ్చినప్పుడు బస చేయడానికి ఒక మామూలు ఇల్లు. 1869లో వాస్తుశిల్పి రిచర్డ్ నార్మన్ షాను పిలిపించాడు. అతిథులు వేటకు వెళ్లిన ఒక్క రోజులోనే షా మొత్తం విస్తరణ చిత్రం గీసేశాడని ప్రతీతి. పని మాత్రం ఇంచుమించు పదిహేనేళ్లు విడతలుగా సాగింది. పాత ఇంటిని కూల్చకుండా చుట్టూ పెంచుకుంటూ పోయారు. ప్లాను అతుకులబొంతలా కనబడేది అందుకే.

దీన్ని ప్లాను చూసి అర్థం చేసుకోబోతే దారి తప్పుతాం, సెక్షన్ చూడాలి, అంటే ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే చిత్రం. ముందు లోయ, వెనక నిట్టనిలువు రాయి. స్థలం కావాలంటే రాయి తొలచాలి. 1880ల తొలి సగంలో చేర్చిన డ్రాయింగ్ రూమ్ వెనకవైపు కొండకు ఆనుకుని ఉంది. పక్క కిటికీలతో సరిపోదు కనుక వెలుతురు పైకప్పు అద్దాల్లోంచి దించారు. ఆ గదిలోని పాలరాతి నిప్పుగూడు బరువు పది టన్నులని చెబుతారు. షా దగ్గర పనిచేసిన లెథబీ దాన్ని రూపొందించాడు. అంత బరువును కొండ రాయే మోయాలి. ఏ మేడ మీదో కొయ్య దూలాల నేల మీద పెట్టే ధైర్యం ఎవరూ చేయరు.

బయటి రూపం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పై అంతస్తుల త్రికోణపు గోడల మీద కనిపించే నల్లని కొయ్య చట్రాలు ఇంగ్లండు దక్షిణాది పల్లెల పద్ధతి. నార్తంబర్లాండ్ రాతి కట్టడాల సీమ. అక్కడ అవి అరువు సొమ్ములా ఉంటాయి. రాతి గోడలు, ఎత్తైన పొగగొట్టాలు మాత్రం ఆ కొండకు అతికినట్టు సరిపోయాయి.

ఇక అసలు విషయం, నీరు. ఆర్మ్‌స్ట్రాంగ్ వాగులకు అడ్డుకట్టలు వేయించి చెరువులు చేశాడు. నీరు ఎంత ఎత్తున ఉంటే అంత బలం: ప్రతి వంద అడుగుల ఎత్తుకూ అడుగున చదరపు అంగుళానికి సుమారు 43 పౌండ్ల పీడనం వస్తుంది. ఈ పీడనంతోనే ఇంట్లో లిఫ్టు నడిచింది, వంటింట్లో మాంసం కాల్చే ఊచ తిరిగింది. అతని క్రేన్లలో పిస్టన్ జరిగేది కొంచెమే. దాని కదలికను కప్పీల మీద తాడు చుట్లు హెచ్చిస్తాయి. చుట్లు ఎన్ని రెట్లు పెంచితే ఎత్తగల బరువు అన్ని రెట్లు తగ్గుతుంది.

1878లో చిత్రాల గ్యాలరీలో ఆర్క్ దీపం పెట్టారు. రెండు కర్బన కడ్డీల మొనల మధ్య ఎడంలో కరెంటు దూకి వెలిగే దీపం అది. దాని కర్బన కడ్డీలు కాలి అరిగిపోతుంటాయి, మధ్య ఎడం మారితే వెలుగు అల్లాడుతుంది, కాంతి కళ్లలో పొడిచినట్టుంటుంది. పెద్ద హాలుకు సరే, చదువుకునే గదికి పనికిరాదు. 1880 చివర్లో జోసెఫ్ స్వాన్ రూపొందించిన కరెంటు బల్బులు రావడంతో ఆ చిక్కు తీరింది. నీటి ధాటికి తిరిగే టర్బైన్ ఆరు హార్స్ పవర్‌ది, దానితో తిరిగి కరెంటు పుట్టించే డైనమో సీమెన్స్‌ది. రెండూ ఇంటికి 1500 గజాల దూరాన ఉన్నాయి. రానూపోనూ 3000 గజాల రాగి తీగ, ఇంచుమించు 7.6 మిల్లీమీటర్ల మందం. లెక్క కడితే దాని నిరోధం సుమారు ఒక ఓమ్. పది ఆంపియర్లు పారితే పది వోల్టులు దారిలోనే పోతాయి. తీగ అంత లావు ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. మొత్తం 45 దీపాలు. వాడని గదికి కరెంటు ఆపి వేరే గదికి మళ్లించేవారు కనుక ఒకేసారి 37కు మించి అవసరపడలేదు.

లైబ్రరీ దీపాల ఏర్పాటు నాకు అన్నిటికన్నా ఇష్టం. మీనా పని చేసిన రాగి కూజాల మీద బల్బులు కూర్చోబెట్టారు. కూజా రాగే ఒక తీగ. రెండోది కూజా లోపలి నుంచి విడిగా తగలకుండా దిగుతుంది. అడుగున పాదరసం గిన్నెలు. కూజా ఎత్తితే దీపం ఆరుతుంది, దించితే వెలుగుతుంది. నేడు ఎవరూ అనుమతించరు: పాదరసం ఆవిరి విషం, పైగా కరెంటు పారే లోహం చేతికి అందుబాటులో ఉంది.

ఆరు హార్స్ పవర్ చాలలేదు. 1886లో కొండ దిగువన బర్న్‌ఫుట్ దగ్గర కొత్త పవర్‌హౌస్ కట్టి, పై చెరువుల నుంచి దాదాపు 340 అడుగుల ఎత్తు దక్కించుకున్నారు. ఆ ఎత్తు నుంచి సెకనుకు ఒక లీటరు నీరు దిగితే, నష్టాలు తీయకముందు, ఇంచుమించు ఒక కిలోవాట్.

1977లో ఎస్టేట్, పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. 1979 నుంచి సందర్శకులను రానిస్తున్నారు. 2014లో టంబుల్టన్ చెరువు దగ్గర 17 మీటర్ల ఆర్కిమిడీస్ స్క్రూ, అంటే మరమేకులా మెలి తిరిగిన పొడవాటి యంత్రం, బిగించారు. నీటిని పైకి తోడే పాత సాధనమే, ఇక్కడ తలకిందులుగా పనిచేస్తుంది: దిగే నీరు మరను తిప్పుతుంది, 12 కిలోవాట్ల దాకా కరెంటు వస్తుంది. ఎత్తు తక్కువ, నీరు ఎక్కువ ఉన్నచోటికి తగినది ఇదే. బర్న్‌ఫుట్ లాంటి ఎత్తుకు టర్బైనే కావాలి.