మామ్మ మూట

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న మాజీ నావికులకు నమస్కారం. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ గురించి మాట్లాడమని పిలిచారు. అది మునిగిన రాత్రి నేను ఈ విశాఖపట్నంలోనే ఉన్నాను.

1971 డిసెంబర్ 3. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన రోజు. నాకు పదేళ్లు. కిటికీలకు నల్లకాగితాలు, లారీ హెడ్‌లైట్లకు సగం నల్లరంగు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల కోసమని ప్రతి ఉత్తరానికీ అదనంగా 5 పైసల బిళ్ళ. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద శబ్దం. ఇంట్లో అద్దాలు గలగలమన్నాయి. గాజీ మునిగిన శబ్దమని తర్వాత తెలిసింది.

నేను లేచి చూస్తే మామ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో మూట. బియ్యం, చింతపండు, ఉప్పు, అగ్గిపెట్టె. "ఈపాలి ఎటేపు నడాలిరా?" అంది.

ఆవిడ రంగం నుంచి, అంటే బర్మాలోని రంగూన్ నుంచి, నడిచొచ్చిన మనిషి. తాత అక్కడ బియ్యం మిల్లులో కూలీ. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. కూలీలకు ఓడలో చోటు దొరకడం గగనం. అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ దాకా నడిచారు. దారంతా కలరా. మా పెద్దత్త, ఏడాది పిల్ల, ఆ దారిలోనే పోయింది. ఎక్కడ పూడ్చారని అడిగితే మామ్మ లేచి వెళ్లిపోయేది.

ఇల్లు చేరి ఊపిరి పీల్చుకుందో లేదో, 1942 ఏప్రిల్ 6న ఇక్కడి రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు. ఊరు ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరు తరలిపోయింది. మామ్మ మళ్లీ మూట కట్టి విజయనగరం దారి పట్టింది.

బీచ్ రోడ్డులో 1971 యుద్ధానికి విజయస్తంభం ఉంది. ఉండాలి. మ్యూజియంలో 1942 నాటి పేలని జపాన్ బాంబునీ భద్రంగా దాచుకున్నాం. అయ్యా, మరి నడిచినవాళ్ల పేర్లు ఎక్కడ దాచుకున్నాం? మీలో ఎవరింట్లో రంగం వెళ్లొచ్చినవాళ్లున్నారు? చేతులెత్తండి... చూడండి, ఎన్ని చేతులో! ఇళ్లకెళ్లి ఆ పేర్లు రాయండి. తెలిసిన పెద్దవాళ్లను ఈ రాత్రే అడగండి.

టైమైందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం.

డిసెంబర్ 16న యుద్ధం ముగిసింది. మూట విప్పమని అమ్మ బతిమాలింది. మామ్మ వినలేదు. భోగి నాడు విప్పింది. బియ్యం పురుగు పట్టాయి. పారెయ్యనివ్వలేదు. చేటలో పోసుకుని, సాయంత్రం దాకా ఏరుతూ కూర్చుంది.